క్యూ కదులుతోందా... కనిపెట్టడమే కొలువు!

ఫోన్‌లో డబ్బు పంపారు. మీ ఖాతాలో తగ్గింది. అవతలివాళ్లకు మాత్రం చేరలేదు. ‘ప్రాసెసింగ్’ అనే మాట తెర మీద అలాగే ఉండిపోయింది. సర్వర్ పడిపోయిందేమో అనుకుంటాం. కొన్నిసార్లు సర్వర్లన్నీ భేషుగ్గా ఉంటాయి, మధ్యలో ఒక క్యూలో సందేశం ఇరుక్కుంటుంది. కస్టమర్ ఫిర్యాదు చేసేలోపే దాన్ని పసిగట్టాల్సింది మిడిల్‌వేర్ అడ్మినిస్ట్రేటర్. రోజంతా కోడ్ రాయడం మీకు అంతగా పడదా? తప్పు ఎక్కడుందో వెతికి పట్టుకోవడమంటే ఇష్టమా? అయితే ఈ దారి వైపు ఓసారి చూడండి.

అసలేంటీ క్యూ?

బ్యాంకులు, బీమా కంపెనీలు, విమానయాన సంస్థల్లో ఎన్నో అప్లికేషన్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ ఉంటాయి. అవతలి అప్లికేషన్ ఆగిపోయినా ఇవతలి సందేశం పోకూడదు. అందుకే మధ్యలో క్యూ పెడతారు. ఒకరు వేస్తారు, మరొకరు వీలైనప్పుడు తీసుకుంటారు. ఐబీఎం 1993లో ‘ఎంక్యూసిరీస్’ పేరుతో తెచ్చిన ఉత్పత్తి ఇదే. తర్వాత అది వెబ్‌స్పియర్ ఎంక్యూగా, 2014లో ఐబీఎం ఎంక్యూగా పేరు మార్చుకుంది. రాబిట్‌ఎంక్యూ, అపాచీ కాఫ్కా కూడా ఈ రంగంలో తరచూ వినిపించే పేర్లే.

పొడవు ఒక్కటే చూస్తే బోల్తా

తిరుమల రద్దీ వార్త గుర్తుచేసుకోండి. ఎన్ని కంపార్ట్‌మెంట్లు నిండాయో చెప్పి ఊరుకోరు, దర్శనానికి ఎన్ని గంటలు పడుతుందో కూడా రాస్తారు. భక్తుడికి కావాల్సింది ఆ రెండో అంకే. మెసేజ్ క్యూ సంగతీ అంతే. పదివేల సందేశాలున్నా చకచకా కదులుతుంటే ఇబ్బంది లేదు. మూడంటే మూడు సందేశాలే ఉండి, అవి పొద్దున్నుంచీ కదలకపోతేనే ప్రమాదం.

ఐబీఎం ఎంక్యూలో ముఖ్యంగా చూడాల్సినవి ఇవి:

* కర్‌డెప్త్: ప్రస్తుతం క్యూలో ఎన్ని సందేశాలున్నాయి.
* మ్యాక్స్‌డెప్త్: గరిష్ఠంగా ఎన్ని పడతాయి. విండోస్, లినక్స్‌లలో మనం మార్చకపోతే ఇది 5000. నిండిపోతే కొత్త సందేశం వేసే అప్లికేషన్‌కు 2053 అనే ఎర్రర్ కోడ్ వస్తుంది.
* మెసేజ్ ఏజ్: అన్నిటికంటే పాత సందేశం ఎన్ని సెకన్లుగా ఎదురుచూస్తోంది. క్యూ మానిటరింగ్ ఆన్ చేస్తేనే ఈ వివరం కనిపిస్తుంది.
* ఐపీప్రాక్స్: సందేశాలు తీసుకోవడానికి క్యూను ఎన్నిసార్లు తెరిచి పెట్టారు. ఇది సున్నా అయి, డెప్త్ పెరుగుతోందంటే కౌంటర్ మూతపడిందన్నమాటే.

మనం మార్చకపోతే ‘డెప్త్ హై’ హెచ్చరిక గీత 80 శాతం దగ్గర ఉంటుంది. అయితే గీత ఉన్నంత మాత్రాన హెచ్చరిక రాదు. క్యూ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ ఈవెంట్లను, ఆ క్యూకు డెప్త్ హై ఈవెంట్‌ను మనమే ఆన్ చేయాలి. కొత్తవాళ్లు మరిచిపోయేది సరిగ్గా ఇక్కడే.

సున్నాను నమ్మొద్దు

డెప్త్ సున్నా ఉంటే హమ్మయ్య అనుకుంటాం. కానీ సందేశాలు రావడమే ఆగిపోయి ఉండొచ్చు. రెండు క్యూ మేనేజర్లను కలిపే ఛానల్ తెగితే, అవతలివైపు ట్రాన్స్‌మిషన్ క్యూలో సందేశాలు పేరుకుపోతుంటాయి. మీ క్యూ మాత్రం ఖాళీగా, ప్రశాంతంగా కనిపిస్తుంది. కాబట్టి చివరి సందేశం ఎప్పుడు వచ్చిందో కూడా చూడాలి.

డెడ్ లెటర్ క్యూ మీద మరో కన్ను వేయండి. చేరాల్సిన చోటికి చేర్చలేని సందేశాలు అక్కడికి వెళ్తాయి. ఇక ‘పాయిజన్ మెసేజ్’ తలనొప్పి వేరు. అప్లికేషన్ దాన్ని తీసుకుంటుంది, చదవలేక వెనక్కి వేస్తుంది, మళ్లీ అదే తీసుకుంటుంది. ఇన్నిసార్లు విఫలమైతే పక్కన పెట్టాలని ముందే బ్యాకౌట్ పరిమితి పెట్టుకుని, అప్లికేషన్ దాన్ని పాటించేలా చూసుకోవాలి. లేదంటే వెనకున్నవన్నీ నిలిచిపోవచ్చు.

ఇంట్లోనే సాధన

డెవలపర్ల కోసం ఐబీఎం ఎంక్యూను ఉచితంగా ఇస్తోంది. మామూలు ల్యాప్‌టాప్ చాలు. ఒక క్యూ మేనేజర్, ఒక క్యూ తయారుచేసి మ్యాక్స్‌డెప్త్ 10 పెట్టండి. దాంతోపాటే వచ్చే శాంపిల్ ప్రోగ్రామ్‌తో పదకొండు సందేశాలు వేయండి. పదకొండోది ఎందుకు తిరిగొచ్చిందో మీరే కనిపెట్టండి. ఆ తర్వాత డెప్త్ 8 దాటగానే మీకు మెయిల్ వచ్చేలా చిన్న షెల్ స్క్రిప్ట్ రాయండి. రెజ్యూమెలో ‘ఎంక్యూ తెలుసు’ అని రాసుకోవడం కంటే ఆ స్క్రిప్ట్ చూపించడమే మేలు.

ఇంటర్వ్యూకు ఒక చిక్కు ప్రశ్న: డెప్త్ 5 చూపిస్తోంది, కానీ అప్లికేషన్‌కు ‘సందేశం లేదు’ అనే 2033 కోడ్ వస్తోంది. ఎందుకు? వేసినవాళ్లు ఇంకా కమిట్ చేయకపోయి ఉండొచ్చు. అలాంటి సందేశాలు లెక్కలోకి వస్తాయి కానీ చేతికి అందవు.

ఎవరికి నప్పుతుంది?

లినక్స్ కమాండ్లు, షెల్ స్క్రిప్టింగ్, నెట్‌వర్క్ ప్రాథమికాంశాలు వస్తే మొదలుపెట్టొచ్చు. తర్వాత ప్రొమీథియస్, గ్రఫానా నేర్చుకోండి. కాఫ్కా వైపు వెళ్తే అక్కడ చూడాల్సింది ‘కన్జూమర్ లాగ్’. అంటే చదివేవాళ్లు ఎంత వెనకబడ్డారన్నది. పేరు మారినా ప్రశ్న అదే.

ఒక మాట ముందే తెలుసుకోండి. ఇందులో షిఫ్టులుంటాయి, అర్ధరాత్రి ఫోన్లుంటాయి. అంతా సవ్యంగా ఉన్న రోజు మీరు చేసిన పని ఎవరికీ కనిపించదు. కానీ నెలాఖరు రాత్రి క్యూలో ఆగిపోయినవి జీతాల సందేశాలైతే? మీరు సకాలంలో చూశారు కాబట్టే తెల్లారేసరికి అవి ఖాతాల్లో పడతాయి. అది చిన్న పనేం కాదు.