ముసలి జీపుకి కొత్త పళ్ళు

మన రైల్వేలో డబ్ల్యుడిఎం-3ఎ, డబ్ల్యుడిజి-3ఎ అని రెండు రకాల డీజిల్ లోకోలున్నాయి. మొదటిది ప్యాసింజరుకీ గూడ్సుకీ రెండింటికీ పనికొస్తుంది, రెండోది గూడ్సు కోసమే. రెండింట్లోనూ ఉన్నది పదహారు సిలిండర్ల ఆల్కో ఇంజనే, ఇచ్చేది 3,100 గుర్రాల శక్తే. చక్రాలుండే బోగీ చట్రాల్లో తేడాలున్నాయి గానీ అసలు కిటుకు పళ్ళలో ఉంది. మొదటిదానిలో ట్రాక్షన్ మోటారు పినియన్‌కి 18 పళ్ళు, ఇరుసు మీది పెద్ద పళ్ళచక్రానికి 65. రెండోదానిలో అదే 18కి 74. అందువల్ల మొదటిది గంటకు 120 కిలోమీటర్లు పరిగెడుతుంది. రెండోది 100 దగ్గర ఆగిపోయి, ఆ కోల్పోయిన వేగాన్ని లాగుడుగా మార్చుకుంటుంది.

ఖరగ్‌పూర్ లాంటి రైల్వే ఊళ్ళో ఈ సంగతి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. అయినా అదే ఊళ్ళో ఎవరైనా పాత జీపు కొని, ఇంటి ముందు నిలబెట్టి, దీన్ని బాగుచేస్తానంటే చాలు, చుట్టూ చేరినవాళ్ళు చెప్పే మొదటి సలహా ‘ఇంజను మార్చెయ్యండి’ అనే. ఈ వ్యాసం ఆ సలహా మీద తగువు.

జీపుకీ ఈ ఊరికీ చుట్టరికం పాతదే. బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ వర్క్‌షాపు కట్టినప్పుడు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి మనవాళ్ళు పనికి వచ్చారు. మథురాకాటీ, నింపురా వంటి పేటల్లో తరాలుగా స్థిరపడ్డారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషల్లో చోటివ్వడానికి ప్రధాన కారణం వీళ్ళే. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944లో, అమెరికా 20వ బాంబర్ కమాండ్ తన కార్యాలయాన్ని ఇక్కడి హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో పెట్టింది. కలైకుండా, దూధ్‌కుండీ రన్‌వేల మీద బీ-29 విమానాలు దిగాయి. అమెరికన్ సైన్యం ఎక్కడుంటే విల్లీస్ జీపు అక్కడుండేది. యుద్ధానంతరం అదే హిజ్లీ భవనంలో ఐఐటీ పుట్టింది. 1947లో మహీంద్రా వాళ్ళు విల్లీస్ జీపుల్ని మనదేశంలో బిగించడం మొదలుపెట్టారు. ఇవాళ పాత జీపు అంటూ చేతికొచ్చేవాటిలో ఎక్కువ భాగం ఆ వంశానివే.

ఇక లెక్కలోకి. సీజే-3బీ రకం పెట్రోలు జీపు తీసుకుందాం. 2.2 లీటర్ల ఇంజను గరిష్ఠంగా ఇచ్చే టార్క్, అంటే తిప్పే బలం, సుమారు 155 న్యూటన్ మీటర్లు. ఈ రోజుల్లో ఒక మామూలు కారుకి కూడా అంతకంటే ఎక్కువే ఉంటుంది. కానీ గేరుబాక్సులో ఫస్టు గేరు ఆ బలాన్ని 2.8 రెట్లు చేస్తుంది. దాని వెనకున్న ట్రాన్స్‌ఫర్ కేసును ‘లో’లో పెడితే ఇంకో 2.46 రెట్లు. ఇరుసులోని క్రౌన్, పినియన్ కలిసి 5.38 రెట్లు. మూడింటినీ గుణిస్తే 37. రాపిడికి ఓ పదిహేను శాతం తీసేసినా చక్రాల దగ్గర సుమారు 4,900 న్యూటన్ మీటర్లు మిగులుతాయి. 6.00-16 టైరు వ్యాసార్ధం 36 సెంటీమీటర్లు వేసుకుంటే, నేలని వెనక్కి నెట్టే బలం దాదాపు 1,380 కిలోలు.

ఇప్పుడు రెండో వైపు చూడండి. నలుగురు ఎక్కాక ఈ జీపు బరువు 1,300 కిలోలు అనుకుందాం. పొడి మట్టి మీద టైరు పట్టు బరువులో పదింట ఆరేడు వంతులు. అంటే 780 నుంచి 910 కిలోలు. ఝాడ్‌గ్రామ్ వైపు సాల అడవుల్లో వానకి నానిన ఎర్ర మొరం మీదైతే అందులో సగం కూడా దొరకదు. ఇంజను ఇవ్వగలిగింది 1,380, నేల పుచ్చుకోగలిగింది 900. డెబ్భై ఏళ్ళ కిందటి ఇంజనే టైరుకు అక్కర్లేనంత బలం ఇస్తున్నప్పుడు, దాని స్థానంలో రెట్టింపు ఇంజను పెట్టి సాధించేదేమిటి? చక్రం ఇంకా తొందరగా గిర్రున తిరుగుతుంది. లేదా, టైరు ఏ రాతి సందులోనో బిగుసుకున్న క్షణంలో, ఇరుసు షాఫ్టు తెగుతుంది.

షాఫ్టు సంగతికొస్తే, మెలితిప్పుడుకి తట్టుకునే శక్తి వ్యాసం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. పది శాతం లావు చేస్తే 33 శాతం బలం. అందుకే లావు షాఫ్టు వేసుకోమనే సలహా మంచిదే. కానీ అక్కడ తెగనిది ఇంకెక్కడో తెగుతుంది, క్రాస్ జాయింటు దగ్గరో, పినియన్ పంటి దగ్గరో. బయటికి లాగి గంటలో మార్చుకోగలిగే షాఫ్టు అన్నిటికంటే బలహీనంగా ఉండటమే నయమని నా ఉద్దేశం.

మరి అడవిలో జీపు ఇరుక్కుపోయేది దేనికి? ఎక్కువసార్లు డిఫరెన్షియల్ వల్ల. ఇక్కడ రైలుతో పోల్చి చూస్తే విషయం తేటపడుతుంది. రైలు చక్రాల జతకి డిఫరెన్షియల్ ఉండదు. రెండు చక్రాలూ ఒకే ఇరుసుకి కదలకుండా బిగించి ఉంటాయి. మలుపులో బయటి పట్టా పొడవు ఎక్కువ గదా, ఒకటి జారొద్దా? జారదు. చక్రం అంచుని 20కి 1 వాలుతో తురిమి ఉంటారు. మలుపులో జత కాస్త బయటికి జరుగుతుంది. బయటి చక్రం లావు భాగం మీద, లోపలిది సన్న భాగం మీద దొర్లుతాయి. ఒకే చుట్టులో ఒకటి ఎక్కువ దూరం, ఇంకోటి తక్కువ దూరం పోతాయి. పట్టాల్లేని బండికి ఆ సౌకర్యం లేదు కాబట్టి ఇరుసు మధ్యలో చిన్న స్పైడర్ గేర్లు పెట్టి రెండు చక్రాల్నీ వేరువేరు వేగాలతో తిరగనిచ్చారు. అయితే వీటికో గుణం ఉంది. వేగం ఎటైనా పంచుతాయి గానీ బలం మాత్రం రెండు వైపులా సమానంగానే ఇస్తాయి. ఎడమ చక్రం బురదలో 20 కిలోల పట్టు మాత్రమే ఇస్తుంటే, గట్టినేల మీదున్న కుడి చక్రానికీ ఆ 20 కిలోలే అందుతాయి. ఎంత ఇంజనున్నా అంతే. ఫోర్ వీల్ వేస్తే ఈ దౌర్భాగ్యం ముందూ వెనకా రెండు చోట్ల ఉంటుంది.

అందుకని ఆఫ్-రోడ్ కోసం ఒక్క వస్తువే కొనగలిగితే, వెనక ఇరుసుకి లాకర్ కొనుక్కోవడం ఇంజనుకంటే మేలు. అది రెండు చక్రాల్నీ రైలు ఇరుసులాగే కట్టిపడేస్తుంది. కొనే స్తోమత లేకపోతే పాత డ్రైవర్ల చిట్కా ఉండనే ఉంది. యాక్సిలరేటరు ఇస్తూనే కాలిబ్రేకు కొద్దిగా నొక్కడం. గాల్లో తిరిగే చక్రానికి బ్రేకు అడ్డుపడుతుంది, దాన్ని గెలవడానికి కావలసినంత బలమే రెండో వైపుకీ వెళుతుంది. హ్యాండుబ్రేకుతో ఇది కుదరదు. ఆ జీపుల్లో హ్యాండుబ్రేకు డ్రమ్ము ట్రాన్స్‌ఫర్ కేసు వెనక ఉంటుంది, చక్రాల దగ్గర కాదు.

తారు రోడ్డు మీద కథ పూర్తిగా వేరు. ఖరగ్‌పూర్ పక్కనుంచి పోయే 16వ నంబరు జాతీయ రహదారి బాలేశ్వర్, భువనేశ్వర్ దాటి నేరుగా శ్రీకాకుళం వస్తుంది. ఊరికి జీపులో వెళ్దామన్న సరదా ఎవరికైనా పుట్టొచ్చు. టాపు గేరు 1:1, ఇరుసు 5.38, టైరు చుట్టుకొలత 2.29 మీటర్లు. గంటకు 60 కిలోమీటర్లంటే ఇంజను నిమిషానికి సుమారు 2,350 చుట్లు. 80 అంటే 3,130. గంటలకొద్దీ అలా అరిపిస్తే ముసలి ఇంజను తట్టుకోదు, చెవులూ తట్టుకోవు. ఇక్కడ ఓవర్‌డ్రైవ్ ఉన్న అయిదు గేర్ల బాక్సు నిజమైన మేలు చేస్తుంది. అయిదో గేరు 0.85 ఉంటే అదే 80కి 2,660 చుట్లు చాలు. ఫస్టు, ‘లో’ మాత్రం పదిలంగా ఉంటాయి. క్రౌన్ పినియన్ మార్చి 4.09 వేస్తే రోడ్డు మీద హాయే గానీ కొండమీద 37 కాస్తా 28కి పడిపోతుంది. 1979లో మహీంద్రా వాళ్ళు ప్యూజో నుంచి లైసెన్సు తెచ్చుకున్న 2,112 సీసీ డీజిల్ ఇంజను ఉన్న బండికైతే ఆ బేరం ఒప్పుకోవచ్చేమో. పెద్ద టైరు వేసినా ఫలితం ఈ దిశలోనే ఉంటుంది. 7.00-16 వేస్తే వ్యాసం ఆరేడు శాతం పెరుగుతుంది, స్పీడోమీటరు 60 చూపిస్తుంటే బండి నిజానికి 64లో ఉంటుంది.

పాత సామాను అంగట్లో ఇరుసు కొనేముందు పళ్ళు లెక్కపెట్టుకోవడం తప్పనిసరి. ఈ జీపుల్లో సెంటర్ డిఫరెన్షియల్ లేదు. ఫోర్ వీల్ వేస్తే ముందూ వెనకా ప్రొపెల్లర్ షాఫ్టులు ఒకే వేగంతో తిరిగి తీరాలి. యుద్ధకాలపు జీపు ఇరుసు 8కి 39 పళ్ళు, 4.88. తర్వాతి సీజేల్లో 8కి 43, అంటే 5.38. చూపుకి రెండూ ఒకటే. ముందొకటీ వెనకొకటీ వేస్తే పది శాతం తేడాతో ఇరుసులు ఒకదాన్నొకటి లాక్కుంటాయి, మధ్యలో ట్రాన్స్‌ఫర్ కేసు తడి బట్ట పిండినట్టు మెలిపడుతుంది. లెక్కపెట్టడం సులువు. ఒక చక్రాన్ని కదలకుండా పట్టుకుని, జాకీ మీద లేపిన రెండోదాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. ప్రొపెల్లర్ షాఫ్టు మీద సుద్దగీత ఎన్ని చుట్లు తిరిగితే అదే నిష్పత్తి. (జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద దూరకండి. ఇటుకలు అసలు పెట్టకండి, పగులుతాయి. పాత స్లీపరు చెక్క ముక్కలు ఈ ఊళ్ళో దొరకనివి కావు.)

గేరుబాక్సు మార్చాక బండి వణుకుతోందంటే నేరం చాలాసార్లు ప్రొపెల్లర్ షాఫ్టుదే. క్రాస్ జాయింటు వంగి తిరిగేటప్పుడు అవతలి కొస ఒకే వేగంతో తిరగదు, ప్రతి చుట్టులో రెండుసార్లు తొందరపడుతుంది, రెండుసార్లు వెనకబడుతుంది. 10 డిగ్రీల వంపులో ఆ ఊగిసలాట ఒకటిన్నర శాతం, 20 డిగ్రీల్లో ఆరు శాతం దాటుతుంది. షాఫ్టుకి రెండో కొసన ఇంకో జాయింటు పెట్టింది మొదటిదాని తప్పుని రద్దుచేయడానికే. అది రద్దవ్వాలంటే రెండు వంపులూ సమానంగా ఉండాలి, రెండు యోక్‌లూ ఒకే తలంలో ఉండాలి. జారే స్ప్లైను దగ్గర షాఫ్టు విడదీసి ఒక్క పన్ను అటూఇటుగా ఎక్కించినా రద్దు కాదు. విప్పేముందు సుత్తీ ఉలీ పెట్టి గుర్తు కొట్టుకోవాలి. స్ప్రింగులు ఎత్తు పెంచితే, బాక్సు పొడవు మారితే షాఫ్టు పొడవు కూడా మార్పించుకోవాలి.

క్రౌన్ పినియన్ బిగింపు మాత్రం ఇంటి పనిగా నేను సలహా ఇవ్వను. రెండింటి మధ్య ఆట 0.13 నుంచి 0.23 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. షిమ్ములు మారుస్తూ, డయల్ గేజితో కొలుస్తూ, పళ్ళకి నీలం రంగు పూసి అచ్చు ఎక్కడ పడుతోందో చూస్తూ కూర్చోవాలి. అచ్చు పంటి మధ్యలో పడాలి. వర్క్‌షాపులో చెయ్యి తిరిగిన ఫిట్టరు దొరికితే ఆయనకే అప్పజెప్పండి. నూనె దగ్గర ఒక జాగ్రత్త. ఇరుసులో హైపాయిడ్ పళ్ళున్నాయి కాబట్టి జీఎల్-5 రకం నూనె పోయాలి. అదే నూనె పాత గేరుబాక్సులో పోస్తే అందులోని గంధకపు రసాయనాలు ఇత్తడి రింగుల్ని తినేయగలవు. బాక్సుకి జీఎల్-4.

బ్రేకులూ చట్టమూ మిగిలాయి. 60 నుంచి 80కి వేగం పెరిగితే ఆపాల్సిన శక్తి 1.78 రెట్లవుతుంది. ఓవర్‌డ్రైవ్ వేసినవాళ్ళు ముందుగా డ్రమ్ములూ లైనింగులూ చూసుకోవాలి. చట్టం విషయానికొస్తే, 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి విరుద్ధంగా మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సంగతిని గట్టిగా చెప్పింది. ఆర్‌సీలో ఇంజను నంబరు, ఇంధనం, సీసీ ఉంటాయి, క్రౌన్ పళ్ళ లెక్క ఉండదు. పదిహేనేళ్ళు దాటిన బండికి అయిదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ పొడిగింపుకి వెళ్ళక తప్పదు కాబట్టి, వేరే ఇంజను వేసుకున్నవాళ్ళ అసలు తిప్పలు ఆ కౌంటరు దగ్గరే మొదలవుతాయి. పళ్ళు మార్చే ముందు కూడా ఆర్టీఓ ఆఫీసులో ఓ మాట అడిగి ఉంచుకుంటే మంచిది.

కొత్త పళ్ళు వేశాక మొదటి పాతిక కిలోమీటర్లూ బరువు లేకుండా, నెమ్మదిగా నడిపి బండిని చల్లారనివ్వాలి. హౌసింగు మీద అరచెయ్యి ఆన్చలేనంత కాలుతుంటే బేరింగు బిగువు ఎక్కువైనట్టు. కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత ఆ నూనె తీసేసి కొత్తది పోయాలి. తీసిన నూనెలో అయస్కాంతం ముంచితే బూడిదరంగు మెత్తటి పొడి అంటుకోవడం మామూలే. మెరిసే రవ్వలు కనిపిస్తే మూత మళ్ళీ విప్పాలి.