రాజపాళయపు ఆడుకుక్కను ఎప్పుడు జత కట్టింపవలెను?

ఎదుగని పెయ్యను తొలి ఎదకే ఆబోతుకు చూపు రైతు మన గ్రామములలో అరుదు. పెయ్య గిడసబారిపోవునని, ఈత కష్టమగునని ప్రతి కాపునకును తెలియును. అట్టి తెలివిగల రైతే తోటకాపలాకై తెచ్చి పెంచిన జాతికుక్క విషయమున మాత్రము, "ఎదకు వచ్చినది గదా" యని వెంటనే మగకుక్కకై వెదకుచుండును. పిల్లలకు మంచి వెల పలుకునను ఆశయు ఇందుకు తోడగును. పెద్దజాతి కుక్క ఎదకు వచ్చుట వేఱు, సంతానమునకు తగియుండుట వేఱు. ఈ రెంటికి నడుమ ఒక్కొక్కప్పుడు ఏడాదికి పైగా ఎడముండును.

ఉదాహరణమునకు రాజపాళయపు జాతిని గైకొందము. తమిళనాట విరుదునగర్ జిల్లాలోని రాజపాళయము దీని పుట్టినిల్లు. పూర్వము తెలుగుదేశమునుండి వలసపోయిన రాజుల కుటుంబములు ఆ పట్టణమున స్థిరపడి నేటికిని ఇండ్లలో తెలుగు మాటాడుచున్నవి. కావున ఈ కుక్క మనకు బొత్తిగా పరాయిది కాదు. 2005లో భారత తపాలాశాఖవారు మనదేశపు నాలుగు కుక్కజాతులపై బిళ్లలు వెలువరింపగా అందు నిదియు నొకటి. పాలవంటి తెల్లని మేను, గులాబివన్నె ముక్కు, పొడవైన కాళ్లు, భుజముకడ రెండడుగులకు మించిన ఎత్తు దీని లక్షణములు.

చిన్నజాతి కుక్కలు ఏడాది తిరుగక మునుపే ఎదిగిపోవును. పెద్దజాతులు అట్లు కావు. వాని కాలి ఎముకల కొసలయందలి మెత్తని భాగములు ముదిరి గట్టిపడుటకు 12 మొదలు 18 నెలలు పట్టును. తొలి ఎదయో, కొన్నిటికి తొమ్మిదవ పదవ నెలలోనే వచ్చును. అప్పుడు చూలు కట్టినచో తన ఎముకలకు చాలవలసిన సత్తువను తల్లి కడుపులోని పిల్లలకు పంచవలసివచ్చును. ఈనిన పిమ్మట పాలు పొంగివచ్చు దినములలో అది మామూలుకు రెండు మూడింతలు తినును. చూడనెంత ఎత్తుగా నున్నను పది నెలల కుక్క ఇంకను పిల్లయే.

ఎముకల సంగతి అటుండ, మఱికొన్ని లోపములు కాలము గడచినగాని బయటపడవు. తుంటికీలు గిన్నెలో సరిగా కూర్చుండకుండుట పెద్దజాతులలో తల్లిదండ్రులనుండి సంక్రమించు లోపము. పిల్లప్రాయమున గంతులు వేయుచున్న కుక్కలో దీనిని కనిపట్టుట కష్టము. అమెరికాలో ఇట్టి కీళ్ల ఎక్స్‌రే పటములను పరీక్షించి నమోదుచేయు ప్రధాన సంస్థ, కుక్కకు 24 నెలలు నిండనిదే తుది నిర్ణయము నీయదు. కుక్క గుణమును అంతే. అయినవారి పిల్లలపై పండ్లు చూపునదియు, ఉరుమునకు మంచముక్రింద దూరునదియు సంతానమునకు తగవు.

ఈ జాతిలో అన్నిటికంటె శ్రద్ధగా చూడవలసినది వినికిడి. మేనికి వన్నెనిచ్చు కణములు చర్మమునందే గాక చెవిలోపలి గూటియందును పనిచేయును. తెల్లని కుక్కలలో అవి అచ్చట లోపించినచో పుట్టిన కొద్దివారములకే వినికిడి నశించును. ఒక చెవికే కావచ్చును, రెంటికిని కావచ్చును. రాత్రివేళ తోటలో పందుల అలికిడి వినని కుక్కను కాపలా యని ఎట్లనగలము? పైగా వెనుకనుండి తాకినవానిని ఉలికిపాటున కఱచును. పిల్ల నిద్రించునప్పుడు దానికి కనబడకుండ, నేల అదరకుండ, దూరమునుండి పళ్లెము మ్రోగించి చూడవచ్చును. ఒక్క చెవి చెడినది మాత్రము ఈ పరీక్షకు దొరకదు. అది చప్పుడు విని లేచును, కాని దిక్కు తెలియక తల అటునిటు త్రిప్పును. నిశ్చయముగా చెప్పగలది శబ్దమునకు మెదడులో పుట్టు స్పందనను కొలుచు యంత్రపరీక్ష యొక్కటియే. అట్టి వసతి యెచ్చటనున్నదో పశువైద్య కళాశాలలో విచారింపవలెను. ఒక చెవి చెడిన కుక్కయు లోపమును సంతానమునకు ఈయగలదు గనుక ఈ వ్యయము వృథా కాదు.

ఒకే ఈతలోని ఆడు మగ పిల్లలను జంటగా కొనితెచ్చి, పెరిగిన పిదప వానినే కట్టించువారు కలరు. ఇది చౌకగా తోచును గాని, దాగియున్న లోపములన్నియు ఇట్టి సంతానమందే బయటపడును. మగకుక్కను వేఱు వంశమునుండి తెచ్చి, దానికిని ఇవే పరీక్షలు జరుపవలెను. ఉభయములకును బ్రూసెల్లా రోగమునకై నెత్తురు పరీక్ష చేయించుట మఱవరాదు. అది చూలు పోగొట్టు అంటురోగము, మనుష్యులకును సోకగలదు.

కుక్కపిల్లలను పెంచి అమ్మువారికి 2017లో కేంద్రప్రభుత్వము నియమము లేర్పరచినది. ఆడుకుక్కకు 18 నెలలు నిండవలెను. ఆరోగ్యముగా నున్నదని పశువైద్యుడు వ్రాసి యీయవలెను. ఏడాదికొక ఈతకు, జీవితమున అయిదు ఈతలకు మించరాదు. ఎనిమిదేండ్లు దాటినదానిని కట్టింపరాదు. ఎనిమిది వారములు నిండని పిల్లను అమ్మరాదు. ఇందలి 18 నెలలు అన్ని జాతులకును పెట్టిన కనీసపు హద్దు. రాజపాళయమువంటి పెద్దజాతికి రెండేండ్లు నిండి, కీళ్లు, చెవులు తేలినవరకు ఆగుటయే మేలని మా అభిప్రాయము. అంతవరకు ప్రతి ఎదయందును సుమారు మూడువారములు దానిని లోపల కట్టియుంచవలెను. ఊరకుక్కలు దడి దూకుటలో మిక్కిలి నేర్పరులు.

ఈడు వచ్చినను ఇంటివారి వీలును చూచుకొనవలెను. చూలు సుమారు 63 దినములు. ఎద కోతలకు రెండునెలల ముందు వచ్చినచో ఆ సారి మానుటయే మంచిది. పొలమున కోతలు సాగుచుండగా ఇంట ఎనిమిది పిల్లలను చూచువారెవ్వరు? పిల్లలను తీసికొనువారు ముందుగా కుదరనిచో తుదకవి వీధిపాలగును.

పరీక్షలో తప్పిన కుక్కను వదలివేయవలెనని మేము చెప్పుట లేదు. ఒక చెవి వినబడనిది ముంగిట కాపలాకు పనికివచ్చును. తుంటి లోపము కొద్దిగా నున్నది, ఒళ్లు పెరుగనీయకున్న, చాల యేండ్లు తిరుగగలదు. అట్టిదానికి పిల్లలు పుట్టకుండ శస్త్రచికిత్స చేయించి ఉంచుకొనవచ్చును. దానికిని ఎముకలు ముదిరిన పిమ్మటనే వైద్యునికడకు తీసికొనిపోవుట మంచిది.