పాత కారుకి కొత్త సోకులు: విప్పితే వచ్చేవే చేయించండి



పోయిన నెల మన గ్రూపులో ఒక చెల్లెలు అడిగింది: "మా ఆయన పాత స్పోర్ట్స్ కారు కొన్నారక్కా. దానికి ఏవేవో మార్పులు చేయిస్తానంటున్నారు. రేపు అమ్మితే పెట్టిన డబ్బు వస్తుందా?" అని. ఒక్క ముక్కలో చెప్పలేక ఇలా రాస్తున్నాను. నేను మెకానిక్‌ని కాదు, నర్సుని. కానీ మా ఇంట్లో అలాంటి కారు ఒకటుంది, దాని ఖర్చు రాసే పుస్తకం నా చేతిలో ఉంది.

మేముండేది యూ టీలో. మా బ్లాకు పక్క కార్ పార్కులో మా వారి ఎర్ర మాజ్డా ఎంఎక్స్-5 ఉంటుంది. 1989లో షికాగో ఆటో షోలో తొలిసారి చూపించిన మోడల్. రెండే సీట్లు, గుడ్డ టాపు, మీట నొక్కితే కళ్లు తెరిచినట్టు పైకి లేచే హెడ్‌లైట్లు. మాది 1991లో రిజిస్టర్ అయింది. ఆయనకి కాలేజీ రోజుల నుంచీ ఉన్న కోరిక. నాకేమో ఆ డబ్బుతో ఊళ్లో ఇంటి మీద ఇంకో అంతస్తు వేసుకోవచ్చు కదా అనిపించింది. పిల్లలతో బయటికెళ్లాలంటే ఎలాగూ ఎంఆర్‌టీయే!

విలువ ఎక్కడుంది?

సింగపూర్‌లో ఉన్నవాళ్లకి తెలిసిందే, ఊళ్లో ఉన్న అమ్మలూ వదినలూ కూడా చదువుతారు కాబట్టి చెబుతున్నా. ఇక్కడ కారుతో పాటు దాన్ని పదేళ్లు నడిపే హక్కు కూడా కొనాలి. దాన్నే సీఓఈ అంటారు. పదేళ్లలోపు కారు వదిలేసుకుంటే ప్రభుత్వం పార్ఫ్ పేరుతో కొంత వెనక్కిస్తుంది. సీఓఈ పొడిగించుకుంటే ఆ పార్ఫ్ పోతుంది. అంటే మా కారులాంటి దానికి మిగిలే విలువ రెండే: సీఓఈలో ఇంకా ఉన్న నెలలు, బండి ఉన్న స్థితి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఐదేళ్లకు పొడిగిస్తే మళ్లీ పొడిగించరు, గడువు తీరాక బండి రోడ్డు మీద నుంచి పోవాల్సిందే. పదేళ్లకు పొడిగిస్తే మళ్లీ పొడిగించుకోవచ్చు. మా కారుకి 2001, 2011, 2021లో పదేళ్ల చొప్పున కట్టారు కాబట్టే బతికుంది. కొనేముందు మొదట చూడాల్సింది ఈ కాగితమే.

మూడేళ్లు దాటిన వాడిన కారుని తెచ్చి ఇక్కడ మామూలుగా రిజిస్టర్ చేయించలేం. 35 ఏళ్లు నిండితే క్లాసిక్ పథకం ఉంది, అందులో ఏడాదికి 45 రోజులే నడపాలి. అందుకే ఇప్పటికే ఇక్కడున్న పాత కార్లకి గిరాకీ. కొనేవాళ్లు వెతికేది మాత్రం అసలు రూపం చెడని బండినే.

మేం చేసిన తప్పు

కొన్న మొదటి ఏడాదే మా వారు ఒక వర్క్‌షాపులో సైలెన్సర్ మార్పించారు. పేరెందుకులెండి. శబ్దం బాగుందని మురిసిపోయారు. పదేళ్లు దాటిన కారుకి ఇక్కడ ఏటా తనిఖీ ఉంటుంది. అక్కడ ఫెయిల్. పాతది మళ్లీ బిగిద్దామని వెళ్తే, "అది అప్పుడే పారేశామండీ" అన్నారు! జపాన్ నుంచి వాడినది తెప్పించాం. కొత్తదానికి ఒకసారి, పాతదానికి ఒకసారి, బిగింపు కూలి రెండుసార్లు. ఆ నెల నా నైట్ డ్యూటీల డబ్బంతా దానికే పోయింది.

అయినా బుద్ధి రాలేదు. తర్వాత వెడల్పు చక్రాల కోసం చక్రాల పైనున్న రేకు కోయించి, ఇంజనుకి టర్బో పెట్టిస్తానన్నారు. వారం రోజులు ఇంట్లో మాటల్లేవు.

చివరికి ఆపింది మా మామయ్యగారు. ఆయన దగ్గర 1972 నాటి ఫియట్ ఉంది. మన దేశంలో 2021లో వింటేజ్ బళ్లకి కొత్త నిబంధనలు వచ్చాయి. 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండికి 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. చాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చి ఉండకూడదు. ఆయన ఒకప్పుడు పెట్రోలు ఖర్చు తట్టుకోలేక డీజిల్ ఇంజను పెట్టించారు. అందరూ చేసిన పనే. వీడియో కాల్‌లో కొడుకుతో అన్నారు: "ఇంజను మార్చినందుకు నాకు బాధ లేదురా, దానితోనే మీ చదువులు వెళ్లాయి. పాత ఇంజను తూకానికి అమ్మేశాను చూడు, అదీ బాధ."

మా వారు ఆ రాత్రి మాట్లాడలేదు. పొద్దున్నే వర్క్‌షాపుకి ఫోన్ చేసి రేకు కోయొద్దన్నారు.

ఏం చేయించొచ్చు, ఏం వద్దు?

మంచి టైలరు జాకెట్టు బిగించినా లోపల గుడ్డ కత్తిరించడు. కుట్టు విప్పితే పాత కొలత వచ్చేస్తుంది. కారుకీ అదే సూత్రం.

చేయించండి: బోల్టు విప్పితే తిరిగి వచ్చేవి. చక్రాల రిమ్ములు (బాడీ దాటి బయటికి రాకూడదు), ఉన్న చోటే పట్టే మ్యూజిక్ సిస్టం, సీట్ కవర్లు.

వద్దు: రేకు కోయడం, వెల్డింగ్, డాష్‌బోర్డుకి కన్నాలు, స్పీకర్ల కోసం తలుపులు కత్తిరించడం, కంపెనీ ఇచ్చిన రంగు మార్చడం. ఇవి కొన్నవాడి ఇష్టం, తర్వాత కొనేవాడికి కష్టం.

అడిగి చేయించండి: ఇంజను, సైలెన్సర్ లాంటి వాటి జోలికి వెళ్లేముందు ఎల్‌టీఏ అనుమతి కావాలా అని చూసుకోండి. అనుమతి కాగితం దాచుకోండి. అద్దాల ఫిల్ముకీ లెక్కుంది: ముందు అద్దం, ముందు తలుపుల అద్దాల్లోంచి కనీసం 70 శాతం వెలుతురు రావాలి. ఇన్సూరెన్సు వాళ్లకి ప్రతి మార్పూ చెప్పండి. లేకపోతే క్లెయిము దగ్గర పేచీ వస్తుంది.

ముందు ఖర్చు పెట్టాల్సింది: సోకుల మీద కాదు, ఆరోగ్యం మీద. బ్రేకులు, టైమింగ్ బెల్టు, రబ్బరు పైపులు, రేడియేటర్. ఈ మోడల్‌లో గుడ్డ టాపు మీద పడిన వాన నీళ్లు సీట్ల వెనకున్న సన్నటి గొట్టాల్లోంచి కిందికి పోతాయి. ఆకులూ మట్టీ అడ్డుపడితే నీళ్లు లోపలే నిలిచి తలుపుల కింది రేకు తుప్పు పడుతుంది. ఇక్కడి వానలకి ఆ గొట్టాలు శుభ్రం చేయడం టర్బో కంటే లాభం. మాజ్డా కంపెనీయే 2017లో ఈ తొలి తరం కార్లని జపాన్‌లో పునరుద్ధరించే కార్యక్రమం ప్రకటించి, అప్పటి టాపుల్నీ టైర్లనీ మళ్లీ తయారు చేయించింది. అసలుదానికి ఉన్న విలువ అది!

ఇంటివాళ్లుగా మన పని

విప్పిన ప్రతి వస్తువూ ఇంటికి రావాలి. "పాతది సంచిలో వేసి ఇవ్వండి" అని పని మొదలుకాకముందే వర్క్‌షాపులో చెప్పండి. తుడిచి, గుడ్డలో చుట్టి, ఎప్పుడు ఎక్కడ విప్పారో చీటీ రాసి పెట్టండి. ఇక్కడి తేమకి సిలికా జెల్ పొట్లాలు పడేయండి. బోల్టులు చిన్న డబ్బాలో విడిగా ఉంచండి. ప్రతి బిల్లూ, ప్రతి తనిఖీ కాగితమూ ఒకే ఫైల్లో పెట్టండి. కొనడానికి వచ్చినవాడికి ఆ ఫైలు చూపిస్తే బేరం అక్కడే సగం తేలిపోతుంది.

మా స్టోర్ రూమ్‌లో ఇప్పుడు బియ్యం బస్తా పక్కన ఒక అట్టపెట్టె ఉంది. అందులో పాత స్టీరింగు, గేరు నాబు, రేడియో. మొన్న మా వారు దాని మీద పెద్ద అక్షరాలతో రాశారు: "ఎవరూ పారేయకూడదు." కింద నేను రాశాను: "మీరు కూడా."