పాత వెర్షన్‌ను తొలగించే ముందు...

కంప్యూటర్‌లో ఏదైనా సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వేసుకునేటప్పుడు మనకు తెరపై కనిపించేది క్రమంగా నిండే ఒక గీత మాత్రమే. దాని వెనుక ఇన్‌స్టాలర్ అనే ప్రోగ్రాం ఒక కీలకమైన పని చేస్తూ ఉంటుంది. పాత వెర్షన్‌ను ఏం చేయాలో అదే నిర్ణయిస్తుంది.

కొన్ని ఇన్‌స్టాలర్లు పాతదాన్ని పూర్తిగా తీసివేసి కొత్తదాన్ని నెలకొల్పుతాయి. కొన్ని మారిన ఫైళ్ళను మాత్రమే భర్తీ చేస్తాయి. మరికొన్ని రెండు వెర్షన్లనూ పక్కపక్కనే ఉంచుతాయి. పద్ధతి ఏదైనా సూత్రం ఒక్కటే: ప్రోగ్రాం ఫైళ్ళను మార్చే అధికారం ఇన్‌స్టాలర్‌కు ఉంది, మనం దాచుకున్న ఫైళ్ళను ముట్టే అధికారం లేదు.

ఈ సూత్రం తప్పితే ఏమవుతుందో 2018లో లోకం చూసింది. ఆ ఏడాది అక్టోబరు 2న మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 10కు కొత్త అప్‌డేట్ విడుదల చేసింది. అది వేసుకున్న కొందరి డాక్యుమెంట్లు, ఫోటోలు మాయమయ్యాయి. వారు అంతకుముందే 'డాక్యుమెంట్స్' వంటి ఫోల్డర్లను మరో చోటికి మళ్ళించుకున్నారు; కానీ కొన్ని ఫైళ్ళు పాత చోటే మిగిలిపోయాయి. ఖాళీగా పడివున్న పాత ఫోల్డర్లను తొలగించడం ఆ అప్‌డేట్‌కు అప్పగించిన పనుల్లో ఒకటి. అది ఫైళ్ళున్న ఫోల్డర్లను కూడా తుడిచివేసింది. సంస్థ కొద్ది రోజుల్లోనే పంపిణీ నిలిపివేసి, లోపాన్ని సరిదిద్ది, నవంబరు 13న మళ్ళీ విడుదల చేసింది. నష్టపోయినట్లు తెలిపినవారు పదివేలకు ఒక్కరేనని ప్రకటించింది. అయితే ఆ ఒక్కరికి పోయినవి పిల్లల బాల్యపు ఫోటోలైతే, ఈ లెక్క ఓదార్పునిస్తుందా?

విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగియడంతో అనేక కుటుంబాలు విండోస్ 11కు మారుతున్నాయి. అలా మారినప్పుడు పాత విండోస్ 'విండోస్.ఓల్డ్' అనే ఫోల్డర్‌లో ఉంటుంది. సాధారణంగా పది రోజుల వరకు సెట్టింగ్స్‌లోని 'రికవరీ' ద్వారా వెనక్కి వెళ్ళవచ్చు. గడువు తీరాక ఆ ఫోల్డర్ తనంతట తానే తొలగిపోతుంది. కనుక దానిని భద్రమైన నిల్వగా భావించరాదు.

అప్‌గ్రేడ్‌కు ముందే నికాహ్ ఫోటోలు, చదువు ధ్రువపత్రాలు, ఇంటి దస్తావేజుల ప్రతులను వేరే హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. అవి తెరుచుకుంటున్నాయో లేదో చూసి, ఆ డిస్క్‌ను కంప్యూటర్ నుండి వేరు చేయండి. అప్‌గ్రేడ్ పూర్తయ్యాక ప్రింటర్, తెలుగు టైపింగ్, అవసరమైన ప్రోగ్రాములు సవ్యంగా పనిచేస్తున్నాయేమో ఆ పది రోజుల్లోనే పరీక్షించండి. ప్రోగ్రాం పోతే మళ్ళీ వేసుకోవచ్చు. రెండో ప్రతి లేని ఫోటో పోతే తిరిగి రాదు.