కిరాయి పోర్షన్లు కట్టే ముందు లెక్క చూసుకోండి

పోయిన ఎపిసోడ్ తర్వాత ఎక్కువమంది అడిగింది ఒక్కటే: "ఊర్లో మూడు పోర్షన్లు వేసి కిరాయికి ఇస్తే, గల్ఫ్ నుంచి వాపస్ పోయినంక ఇల్లు గడుస్తదా?" గడుస్తది. కానీ ముందు లెక్క, తర్వాతే పునాది.

స్థలం, కట్టుబడి కలిపి 40 లక్షలు అనుకుందాం. పోర్షన్‌కు 6,000 చొప్పున మూడింటికి నెలకు 18,000, ఏడాదికి 2,16,000. ఒక్కో పోర్షన్ ఏడాదిలో ఒక నెల ఖాళీగా ఉంటదనుకోండి, 18,000 పోయింది. ఇంటి పన్ను, మోటరు, రంగులు, రిపేర్లకు 28,000 తీసేయండి. మిగిలేది 1,70,000. అంటే వందకు ఏడాదికి నాలుగుంబావు. అదే ఊర్లో రెండు రూపాయల మిత్తికి తెచ్చి కడితే, వందకు ఏడాదికి 24 కట్టాలి. కిరాయి ఆ మిత్తిని ఎన్నటికీ తీర్చదు.

అందుకే అంతస్తు అంతస్తుగా కట్టండి. కానీ పునాది, పిల్లర్లు మాత్రం మొదటి రోజే మూడు అంతస్తుల బరువుకు ఇంజనీరుతో డిజైన్ చేయించాలి. తర్వాత బలం పెంచుడు చాలా ఖర్చు. పైకి వదిలిన పిల్లర్ రాడ్లకు సిమెంటు పాలు పూసి, పల్చటి కాంక్రీటుతో కప్పండి. లేకుంటే రెండు వానాకాలాలకే తుప్పు పడతది. మెట్లు బయటి నుంచి పెట్టండి. పోర్షన్‌కో కరెంటు మీటరు పెట్టండి. నేను పైసలు మిగులుతాయని ఒక్కటే మీటరు పెట్టిన. నెలనెలా బిల్లు మీద కొట్లాట అయ్యి, మంచి కిరాయిదారులు ఖాళీ చేసి పోయిన్రు.

ఇక కాగితాలు. స్థలం కొనే ముందు ఈసీ, లింకు డాక్యుమెంట్లు వకీలుకు చూపించండి. ఉత్త జీపీఏ మీద కొనకండి, దానితో హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. ఎన్ఆర్ఐ హోదాలో ఇల్లు, ఇంటి స్థలం కొనొచ్చు, వ్యవసాయ భూమి కొనరాదు. తమ్ముడికో బామ్మర్దికో పవర్ రాసిస్తే, ఏ పనికో ఆ పని వరకే రాయండి. కిరాయి ఎన్ఆర్ఓ ఖాతాలో పడాలి. కిరాయిదారు టీడీఎస్ పట్టుకోవాలి. మీకు పడే పన్ను అంతకన్నా తక్కువైతే, రిటర్న్ వేసి మిగతాది వాపస్ తీసుకోవచ్చు.

చివరి మాట. ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టినంకనే ముగ్గు పోయండి. ఇక్కడ నౌకరీ ఎప్పుడు పోతదో మనకు తెల్వదు. సగంలో ఆగిన ఇంటికి కిరాయి రాదు, మిత్తి మాత్రం ఆగదు.