పనున్నాది, చాలదు

ఉత్తరాంధ్రలోని ఎచ్చెర్లలో అర్థశాస్త్రం చెబుతాను. మా తీరాన డి.మత్స్యలేశంలో ఎవరిని అడిగినా "పని నేకేటి బాబూ, ఉన్నాది" అంటారు. నలుగురు చాలే తెప్ప మీద ఆరుగురు వెళ్తే, వచ్చిన చేపను ఆరు వాటాలు వేసుకోవాలి. ఇద్దరు తగ్గినా చేప తగ్గదు. ఇదే ప్రచ్ఛన్న నిరుద్యోగం. పేద దేశాల్లోని ఈ మిగులు శ్రమ పరిశ్రమలకు మళ్లుతుందని ఆర్థికవేత్త ఆర్థర్ లూయిస్ 1954లో రాశాడు.

మా వాళ్లు మళ్లింది గుజరాత్‌కి. ఇంటి ముందు సముద్రాన్ని వదిలి వెరావల్ బోట్లలో కూలికి చేరారు. 2018 నవంబరులో పాకిస్థాన్ పట్టుకున్న ఉత్తరాంధ్ర మత్స్యకారుల్లో మా మండలం వాళ్లున్నారు. 2020 జనవరిలో వాఘా సరిహద్దు దగ్గర వాళ్లను విడిచిపెట్టారు. ఏడాదికి పైగా ఇల్లు నడిపింది ఆడవాళ్లే. ఆ శ్రమ ఏ లెక్కలోకి ఎక్కాలి?

ఇక్కడ కొలువులు లేవని కాదు: పైడిభీమవరంలో మందుల కంపెనీలున్నాయి, ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఉంది. వల తప్ప వేరే పని నేర్వని చేతులకు అక్కడ చోటు దొరకడం కష్టం. అందుకే నేను ముందు అడిగేది పడవలు ఆగే జెట్టీ, చేప నిలవుండే ఐస్ గిడ్డంగి, ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల వేట నిషేధంలో ఊళ్లోనే కూలి.