కొండదారికి కొలబద్ద

వైద్యుడు లేని ఊర కాపురముండవలదని సుమతీశతకకారుడు హితవు చెప్పెను. ఊరిని ఎంచుకొనగలవానికి ఆ హితవు చాలును. తాతతండ్రులనాటి నుండి కొండనే నమ్ముకొని, పోడు చేసికొని బ్రదుకువాని సంగతి వేరు. వైద్యము కొఱకు అతడు ఊరు విడువజాలడు. వైద్యమే అతని ఊరికి నడచి రావలెను. ఈ భావము మన దేశమునకు క్రొత్తది కాదు. సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన పనిచేసిన సంఘము 1946లో సమర్పించిన నివేదికలో, వైద్యసేవ ప్రజలకు వీలైనంత చేరువలో ఉండవలెననియు, డబ్బు ఇచ్చుకొనలేని కారణమున ఎవ్వరికిని వైద్యము నిరాకరింపబడరాదనియు చెప్పినది. 1978లో ఆల్మా అటాలో సమావేశమైన దేశములు ప్రాథమిక వైద్యమును సర్వజనుల ఆరోగ్యమునకు ఆధారముగా ప్రకటించినవి.

ఆశయము ఘనమైనదే. చిక్కంతయు దానిని కొలిచెడి కొలబద్దలో ఉన్నది. మైదానములందు 30,000 మందికి, కొండ, గిరిజన ప్రాంతములందు 20,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్యకేంద్రము. మైదానమున 5,000 మందికి, కొండలలో 3,000 మందికి ఒక ఉపకేంద్రము. ఇది నియమము. కొండవారిపై కొంత దయ చూపినట్లే కనబడును. కాని లెక్క వేసి చూడుడు. డెల్టాలో 5,000 మంది ఒకటి రెండు గ్రామములలోనే ఉండవచ్చును. మన్యమున గూడెమునకు 100 మంది చొప్పున అనుకొన్నను, 3,000 మంది అనగా 30 గూడెములు. వాటి నడుమ కొండలు, గెడ్డలు, అడవి. కాగితముపై ఇద్దరికిని ఉపకేంద్రము కలదు; కాలినడకకు మాత్రము ఒక్కరికే కలదు.

తూర్పు కనుమలలో ఈ వ్యత్యాసము ప్రాణముల మీదికి వచ్చును. పాడేరు ముఖ్యపట్టణముగా 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో డోలీ నేటికిని పని మానలేదు. గట్టి కఱ్ఱకు దుప్పటి కట్టి, అందు రోగిని ఉంచి, ఇద్దరు భుజముల కెత్తుకొందురు. వారు అలసినచో మరి ఇద్దరు అందుకొందురు. 2005లో ప్రారంభమైన 108 బండి దారి ఉన్నంత వరకే వచ్చును. ఆ పైన మనుష్యుల భుజములే దిక్కు. ప్రసవానంతరము తీవ్రముగా రక్తస్రావమైన తల్లిని రెండు గంటలలోపుననే మృత్యువు కబళింపవచ్చును. ఆ రెండు గంటలును గెడ్డ దాటుటకే చెల్లిపోయినచో, ఆసుపత్రిలో ఎంతటి నిపుణులున్నను ఏమి ఫలము?

ప్రసూతి మరణములను పరిశీలించిన పండితులు 1994లో మూడు ఆలస్యములను వివరించిరి. వైద్యమునకు పోవలెనని నిశ్చయించుకొనుటలో ఆలస్యము మొదటిది. చేరుటలో ఆలస్యము రెండవది. చేరిన పిదప చికిత్స అందుటలో ఆలస్యము మూడవది. ఈ మూడును ఒకదానినొకటి పెంచును. పోయినసారి కొండ దిగివచ్చి, తలుపునకు తాళము చూచి మరలిపోయినవాడు ఈసారి గడప దాటుటకు వెనుకాడును. దానిని మూఢనమ్మకమని నిందించుట సులభము. అది అనుభవము నేర్పిన పాఠమని గ్రహించుటయే కష్టము.

కనుక వైద్యము కొంతయైనను గూడెములోనే ఉండవలెను. 2005లో మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్, ఆశా కార్యకర్తలను ఆ ఊరి స్త్రీలలో నుండియే ఎన్నుకొనుట ఇందులకే మేలైన పని. మలేరియాలో మిక్కిలి ప్రమాదకరమైన ఫాల్సిపారమ్ జాతిని గుర్తించుటకు నేడు వ్రేలికొన నుండి తీసిన రక్తపుబొట్టును, అర్ధగంట కాలమును చాలును. పరీక్షాసాధనము, మాత్రలు ఆమె సంచిలో ఉన్నచో పెక్కుమందికి డోలీ అక్కరయే లేదు. పైగా ఆమె కువి, ఆదివాసీ ఒడియా వంటి వారి భాషలలోనే పలుకరించు ఇంటి ఆడపడుచు. ఛత్తీస్‌గఢ్‌లో 2019లో వారపు సంతలకే వైద్యమును తీసికొనిపోవు పథకము ఆరంభించిరి. ఉప్పునకు, నూనెకు కొండవాడు సంతకు ఎట్లును దిగివచ్చును గదా! నెలలు నిండిన స్త్రీలను ముందుగానే ఆసుపత్రి చెంతకు చేర్చి ఉంచు వసతిగృహములును ఇట్టి ఆలోచన నుండి పుట్టినవే.

తలసరి లెక్కించినచో కొండపై వైద్యమునకు వ్యయము హెచ్చగునని కొందరందురు. నిజమే. ఎన్నికలకును వ్యయము హెచ్చే. అయినను సాధారణముగా ఓటరు 2 కిలోమీటర్లకు మించి నడువ నక్కరలేకుండ పోలింగు కేంద్రములను ఏర్పరచుట ఎన్నికల సంఘమునకు నియమము. అక్కడ తలలనే గాక దారిని కూడ కొలుచుచున్నారు. ఎంపిక చేసిన కొన్ని కొండ, ఎడారి జిల్లాలలో ఇంటి నుండి 30 నిమిషముల నడకలో ఉపకేంద్రము ఉండవలెనను నియమమును కేంద్రము కూడ అంగీకరించినది. ఆ కొలబద్ద మన్యమంతటికిని రావలసియున్నది. ఓటు నాడు తన అడుగులను లెక్కించిన రాజ్యము, బిడ్డకు జ్వరము వచ్చిన నాడును లెక్కింపవలెనని కొండవాడు కోరినచో, అందు అన్యాయమేమున్నది?